లైను కదలకపోతే కౌంటరే కదిలింది

2011. తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. నేనప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ మేనేజర్‌ని. జనం ఉన్నట్టుండి పెరిగితే ఉన్న చోటులోనే సర్దడం నా పని.

ఒక రోజు, మర్నాడు బంద్ అని తెలియగానే, ఆ రోజు విమానం ఉన్నవాళ్లతో పాటు రేపు విమానం ఎక్కాల్సిన గల్ఫ్ ప్రయాణికులు కూడా మధ్యాహ్నమే వచ్చిపడ్డారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి జీపుల మీద జీపులు. రేపటి వాళ్లను ఖాళీగా ఉన్న డొమెస్టిక్ వైపు కూర్చోబెట్టాం. అయినా చెక్-ఇన్ దగ్గర, అంటే సామాను తూచి బోర్డింగ్ పాస్ ఇచ్చే చోట, కాలు పెట్టే సందు లేదు. విచిత్రమేమిటంటే దుబాయ్ కౌంటర్ ముందు కొండవీటి చాంతాడంత లైను. దూరంగా మస్కట్ కౌంటర్‌లో అమ్మాయి గోళ్లు చూసుకుంటోంది.

దుబాయ్ లైనులో ఒకాయన చేతిలో మస్కట్ టికెట్ కనిపించింది. కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం రాజన్న, సెలవు అయిపోయి తిరిగి పోతున్నాడు.

"అన్నా, మీ కౌంటర్ అటు. ఇక్కడెందుకు నిలబడ్డారు?"

"ఎరికే మేడం. గీ ముగ్గురు మా ఊరోళ్లు, దుబాయ్‌కి కొత్తగ పోతున్నరు. ఆగమైతరని నిలవడ్డ."

"మీ కౌంటర్ మూసేస్తారు!"

"ఇయ్యాల పోకుంటే నా వీసా ఖతం. గని వీళ్ల తల్లులకు మాటిచ్చిన, ఎట్ల ఇడిసిపెట్టిపోత?"

లైను పొడవునా అడిగి చూశాను. అందరిదీ ఇదే కథ. మేము విమానాల వారీగా కౌంటర్లు పెడితే, వాళ్లు ఊళ్ల వారీగా నిలబడ్డారు!

మావి కామన్ యూజ్ కౌంటర్లు. ఏ ఎయిర్‌లైన్ వాళ్లు లాగిన్ అయితే ఆ కౌంటర్ వాళ్లదే. మస్కట్ అమ్మాయిని బతిమాలి దుబాయ్ పక్క కౌంటర్‌కి తెచ్చాను. రాజన్న తన వాళ్ల పక్కనే నిలబడి పాస్ అందుకున్నాడు. అయినా కదలడే!

"నేను కోరుట్ల పిల్లనే అన్నా. వీళ్లను నేను చూసుకుంట, నువ్వు పో."

ఎగాదిగా చూశాడు. "కోరుట్లల ఏడ?"

"పశువుల దవాఖాన ఎనుక."

"గట్లనా! ముందుగాల చెప్పొద్దా చెల్లే!" అని బ్యాగు భుజాన వేసుకుని సెక్యూరిటీ వైపు ఉరికాడు. విమానం అందుకున్నాడు కూడా.

ఆ ముగ్గురినీ గేటు దాకా నేనే తీసుకెళ్లాను. ఒకతను వాళ్లమ్మకు ఫోన్ చేసి, "రాజన్న పోయిండమ్మా. రంది పడకు, మా ఎంబడి కోరుట్ల అక్క ఉన్నది" అన్నాడు. ఆ మాటకు నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇప్పటికీ రద్దీ పెరిగితే, కొత్త కౌంటర్ తెరిచే ముందు ఒకసారి లైను వెంట నడుస్తాను, ఎవరి వెంట ఎవరున్నారో అడుగుతూ.