రాహేలు తలూపలేదు

మా వెనకింటి రాహేలుకి నలభై ఆరేళ్లు. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని. మొజాంబిక్‌లోని మిషనాసుపత్రిలో రోగుల సేవకు వెళ్లాలని, ఏడాదిగా పొట్టు తీస్తూనే అక్కడ మాట్లాడే పోర్చుగీసు నేర్చుకుంటోంది. ఈ సాయంత్రం మా కంప్యూటర్లో అక్కడి సిస్టరమ్మ ఆమెకు పరీక్ష పెట్టింది. తప్పితే ప్రయాణం లేదు.

నాలుగు ప్రశ్నలకు గడగడా జవాబు చెప్పింది. అయిదోది అర్థం కాలేదు.

"తలూపెయ్యవే, గడిచిపోతుంది" అని గొణిగాను.

వింటేనా! "తెలియలేదు, మెల్లగా చెప్పండి" అని ఆ భాషలోనే ఆరుసార్లు అడిగింది. ఆ ఒక్క ముక్కా ఆమె రోజూ వల్లిస్తుంటే విని విని నాకూ వచ్చేసింది లెండి. ఇక పరీక్ష పోయినట్టే అనుకున్నాను. ఏడోసారికి అర్థమై జవాబిచ్చింది. సిస్టరమ్మ నవ్వి, బయలుదేరి వచ్చెయ్యమందట.

"అన్నిసార్లు అడగడానికి సిగ్గనిపించలేదటే?" అన్నాను.

"సిగ్గేటి పంతులమ్మా! రేపక్కడ ఒకలు నొప్పెక్కడో సెప్తే, తెలీకండా తలూపీమంటారేటి?"

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఇన్‌స్పెక్టర్లు ఇంగ్లీషులో ఏమడిగినా తలూపే నెట్టుకొచ్చాను. మీలో ఎంతమంది అలా ఊపారో కింద కామెంట్లో నిజం రాయండి. ఇక్కడ ఊరికే తలూపితే నాకు కనబడదు.