హారన్ మూగబోయిన రోజు

మా వీధిలో పాతబళ్ల బేరగాళ్లు ఎవరి చెవిలోనైనా పువ్వు పెట్టగలరు గానీ, బైకులు బాగుచేసే చెవి మేస్త్రి చెవిలో పెట్టలేరని పేరు. నడుస్తున్న ఇంజిన్‌కి పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడిని చెవికి తగిలించి, ఆయన కళ్లు మూసుకుంటాడు. కాసేపటికి తెరిచి, ఈ టకటక టాపెట్లదనో, ఈ గరగర టైమింగ్ చైనుదనో చెప్పేస్తాడు. నాది పక్కనే స్పేర్ పార్టుల కొట్టు. ఆయన రాసిచ్చే సామాను అమ్ముకుని బతికేవాణ్ణి కాబట్టి ఆ చెవి మీద నాకు భక్తి ఎక్కువే.

ఇప్పుడాయనకి వయసు మళ్లింది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. వచ్చే బళ్లూ అలాంటివే. కొత్తవన్నీ షోరూములకి పోతాయి. మీటరు ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నా నుంచి మొదలైనవి ఈయన షెడ్డుకొస్తాయి. రోజంతా వాటి మూలుగులు విని, సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ, "ఇంకెన్నాళ్లు ఈ చాకిరీ" అంటాడు. నేనూ అదే అంటాను. మర్నాడు ఇద్దరం మళ్లీ షట్టర్లు ఎత్తుతాం.

షెడ్డు వెనక రేకు గోడ. దానికి అవతల గదిలో ఆయన భార్య స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ గొంతుకి వీధి పెట్టిన పేరు హారన్. ఆ మాట ఆవిడ ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఇటు బండి స్టార్టయితే చాలు, అటు కుట్టుమిషన్ ఆపి లంకించుకుంటుంది. ఆ టకటకతో తల పగిలిపోతోందంటుంది. ఆ గరగర ఏమిటి, ఇంజిన్‌లో గులకరాళ్లు పోశావా అంటుంది. నోరు మూసుకుని నీ పని చూసుకోమని ఆయన కసురుతాడు. పెళ్లయిన కొత్తలో నోట్లో నాలుక లేని మనిషని, ఈమధ్యే ఇలా తయారైందని టీకొట్టు దగ్గర వాపోతాడు. ఇంట్లోనూ మోతే, పనిలోనూ మోతే, పాపం అని మేమంతా జాలిపడేవాళ్లం.

మొన్న ఆయన చెల్లెలి కూతురు ఒక పాత బండి వేసుకొచ్చింది. ఆ పిల్లకి పార్సిళ్లు చేరవేసే ఉద్యోగం దొరికింది, సొంత బండి ఉంటేనే. రోజంతా పెద్ద రోడ్ల మీద తిరగాలి. అమ్మే అతను సాయంత్రం దాకా ఆగుతానన్నాడట.

"నువ్వు సరేనంటే కొంటా మామయ్యా, వద్దంటే వద్దు" అంది.

మేస్త్రి ముందు ఇంజిన్ చల్లారనిచ్చాడు. వేడి మీదున్న ఇంజిన్ జబ్బులు దాచుకుంటుందని ఆయన నమ్మకం. తర్వాత కిక్ కొట్టాడు, వెంటనే అందుకుంది. సైలెన్సరుకి తెల్లగుడ్డ అడ్డం పెట్టాడు, నూనె మరక పడలేదు. ఆపి ప్లగ్ విప్పితే ఇటుకరంగులో శుభ్రంగా ఉంది. ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూశాడు, ఇనపరజను తగల్లేదు. మళ్లీ స్టార్ట్ చేసి స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు.

చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒకసారి రేకు గోడ వైపు చూశాడు. అవతల చడీచప్పుడూ లేదు. జలుబు చేసి ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. ఇవాళ వీధికి సెలవని పొద్దున్నే నేను జోకు కూడా వేశాను.

"వెన్నలా ఉంది. తీసుకో" అన్నాడు.

నాకేదో సన్నగా వినిపించినట్టే ఉంది గానీ, ఆయన చెవి ముందు నా చెవెంత అని ఊరుకున్నాను. పిల్ల మొహం వెలిగిపోయింది. అప్పుడే ఆవిడ మెడలో కొలతల టేపుతో గబగబా వచ్చి, ఆయన వెనక నిలబడి ఏదో అంది. గొంతు లేదు, గాలే వస్తోంది. అయినా నాకూ పిల్లకీ వినపడింది.

"కూస్తోంది. అడుగున, సన్నగా."

ఆయన వెనక్కి తిరగలేదు. ఆవిడ భుజం తట్టి మళ్లీ చెప్పింది. ఏంటన్నాడు. ఇంకోసారి చెప్పింది. గట్టిగా చెప్పమన్నాడు. లేని గొంతుతో ఎంత గట్టిగా చెబుతుంది? స్క్రూడ్రైవర్ లాక్కుని పిల్ల చెవికి ఆనించింది.

"లోపలెవరో ఈల వేస్తున్నట్టుంది మామయ్యా. రేజ్ చేస్తే పెరుగుతోంది" అంది పిల్ల.

అది ఇంజిన్ అడుగున క్రాంక్ బేరింగు అరిగిన కూత. దారిలో ఇంజిన్ పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఆ రోడ్ల మీద, ఆ వేగంలో పిల్ల ప్రాణానికే ముప్పు. ఆయన ఇంజిన్ ఆపి స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకేం వినపళ్లేదు" అన్నాడు. తర్వాత భార్యకేసి చూశాడు. "ఆ టకటకలూ గరగరలూ... ఇన్నాళ్లూ నువ్వే చెబుతున్నావా?"

ఆవిడ టేపు చుట్టుకుంటూ ఏదో గొణిగింది. ఆయన నావైపు తిరిగాడు. ఆ మాటలు నేనే గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"నీకు చెవుడొచ్చిందని నలుగురికీ తెలిసేకన్నా, నా నోరు మంచిది కాదనుకుంటేనే నయం అంటోంది."

ఆయన గ్రీజు చేతుల్తోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది. నవ్వడానికి మాలో ఎవరికీ మనసు రాలేదు.

పిల్ల బండి తిరిగిచ్చేసింది. ఉద్యోగం ఆగుతుందో లేదో తెలీదు. ఇంకో బండి వెతకాలి, ఈ పరీక్షలన్నీ మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. చెవి లేని మేస్త్రి ఎవడిక్కావాలని ఆయన షట్టర్ దించేసి వెళ్లిపోయాడు. మర్నాడూ ఎత్తలేదు. నా కొట్టూ బోసిపోయింది.

ఆ తర్వాతి రోజు ఎత్తాడు. ఎవరో ముసలి బండి తెచ్చి, ఎదురుగానే నిలబడ్డాడు. స్టార్ట్ చెయ్యగానే అవతల కుట్టుమిషన్ ఆగింది.

"ఏంటా టకటక, తల పగిలిపోతోంది" అని హారన్ మోగింది.

ఈసారి ఆయన కసరలేదు. టాపెట్లు సరిచేశాడు. మళ్లీ కిక్ కొట్టి, బండాయన చూస్తుండగానే రేకు గోడ వైపు తిరిగాడు.

"ఇప్పుడు తగ్గిందా?" అని అడిగాడు.