కిటికీలో పెట్టిన నీళ్లు

కట్ల గదిలో నీళ్లు ఆమె పని. పుండ్లు కడిగే నీళ్లు. ఆసుపత్రిలో అందరూ ఆమెను నీళ్లక్క అనేవారు. వయసులో పెద్దవాడైన డాక్టరు కూడా అలాగే పిలిచేవాడు. ఆమె అసలు పేరు జీతాలిచ్చే కిటికీ దగ్గర మాత్రమే వినిపించేది.

ఒకప్పుడు ఆమె నీళ్లు కాచేది. పెద్ద గిన్నె, పొయ్యి, గదంతా ఆవిరి. బుడగలు కళ్లముందే లేచేవి, కనుక నమ్మకం ఉండేది. తర్వాత పొయ్యి తీసేసి గోడకు ఒక స్టీలు గొట్టం బిగించారు. గొట్టం లోపల దీపం. కుళాయి నీళ్లు ఆ దీపాన్ని ఒరుసుకుంటూ పోతాయి, అందులోని క్రిములు ఆ కాంతికి చస్తాయి అని బిగించిన మనిషి చెప్పి వెళ్లాడు. గొట్టం పక్కన చిన్న గాజు బిళ్ల ఉంది. అందులోంచి నీలంగా కనిపించేది. చేత్తో ముట్టుకుంటే నీళ్లు చల్లగానే ఉండేవి.

ఆ చల్లదనం ఆమెకు నచ్చలేదు. సెగ తగలకుండా ఏది చస్తుంది?

అందుకని తన వంతు తాను చేసింది. గొట్టం దిగిన నీళ్లను గాజు జాడీల్లో పట్టి, మూతలు బిగించి, మూసిన కిటికీ అద్దం వెనక గట్టుమీద వరుసగా పెట్టేది. పొద్దున పట్టిన నీళ్లు మధ్యాహ్నం కట్లు విప్పేవేళ దాకా వెలుతురులో ఉండేవి. దీపం వదిలేసిన వాటి సంగతి పగటి వెలుతురు చూసుకుంటుందని ఆమె అనుకుంది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా అనలేదు. గట్టుమీద ఆ జాడీలు అందంగా ఉండేవి. నొప్పితో గదిలోకి వచ్చినవాళ్లు ముందు వాటినే చూసేవాళ్లు. కొన్నేళ్లకు అది గొట్టంతో పాటు వచ్చిన పద్ధతే అయిపోయింది. పాత నర్సులు కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు, జాడీలు కిటికీలోనే ఉండాలి, నీళ్లక్కకి కోపం వస్తుంది, అని చెప్పేవాళ్లు.

ఆమెకు పెళ్లి కాలేదు. సంబంధాలు చూసే వయసులో తల్లి పోయింది. తమ్ముడు ఇంకా నిక్కర్లలో ఉన్నాడు. వాణ్ణి పెంచింది, చదివించబోయింది, వాడు చదవలేదు. బస్సు డ్రైవరయ్యాడు. స్టీరింగు ముందు కూర్చుంటే వాడికి లోకం కనిపించేది కాదు, దారి తప్ప. చక్కెర జబ్బు వచ్చింది. ఇంజను సెగకి కుడికాలు కమిలినా వాడికి తెలియలేదు. సాక్సు తీస్తే చర్మం దానితో వచ్చింది.

ఆ కాలితో వాడు అక్క పనిచేసే ఆసుపత్రిలోనే చేరాడు. చిటికెన వేలు తీసేశారు. పుండు అరికాల్లోకి దిగింది. పక్క మంచాలవాళ్లతో వాడు నవ్వుతూనే ఉండేవాడు.

"చిన్నప్పుడు మా అక్కే కడిగింది, ఇప్పుడూ మా అక్కే కడుగుతోంది. మధ్యలో కొన్నాళ్లు నేనే కడుక్కున్నాను. అక్కడే తేడా వచ్చింది" అనేవాడు.

డాక్టరు మాత్రం నవ్వలేదు. పుండు అరికాల్లో ఆగితే కాలు ఉంటుంది, పైకి పాకితే పాదం తీయాలి అని చెప్పాడు. పాదం పోతే బ్రేకు మీద పెట్టడానికి ఏమీ ఉండదు. నీళ్లక్క ఆ మాట విని ఇంటికి వెళ్లి వంట చేసి, తినకుండా పడుకుంది. మర్నాటి నుంచి తమ్ముడి కోసం ఒక జాడీ విడిగా పెట్టింది. గట్టు చివర, వెలుతురు అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖరున పోయే చోట.

పుండు ఆగలేదు.

ఆ వార్డులో ఇంకొందరి పుండ్లూ ఆగలేదు. కట్టు విప్పితే గుడ్డమీద పచ్చటి మరక, ఒకే రకం వాసన. డాక్టరు అన్నీ పరీక్షించమన్నాడు. పరీక్షల గదిలో పనిచేసే అమ్మాయి వచ్చి దుప్పట్లు, కత్తెరలు, చేతి తొడుగులు, చివరికి నీళ్లు కూడా పట్టుకుపోయింది. గొట్టం నుంచి నేరుగా పట్టినవి ఒక సీసా, నల్ల కాగితం చుట్టి. కిటికీలో జాడీ నుంచి ఒక సీసా. నీళ్లక్క పక్కనే నిలబడి చూసింది. నీళ్ల గురించి ఆమెకు దిగులు లేదు. కత్తెరల మీదే అనుమానం. కత్తెరలు ఉడికించేవాడు ఎప్పుడూ ఫోన్లోనే ఉంటాడని నర్సుతో అంది కూడా.

తర్వాత ఆ అమ్మాయి ఆమెను పిలిచింది. బల్లమీద క్రిముల్ని పెంచి చూసే రెండు గుండ్రటి పళ్లేలు. ఒకదానిలో అక్కడక్కడా చుక్కలు. రెండోదానిలో చుక్కలు కలిసిపోయి తెట్టులా ఉన్నాయి.

"చుక్కలున్నది గొట్టం నీళ్లు. తెట్టుకట్టినది కిటికీ నీళ్లు" అంది అమ్మాయి.

నీళ్లక్క అవి తారుమారయ్యాయంది. అమ్మాయి కాలేదంది. జాడీ మురికిగా ఉందేమో అంది నీళ్లక్క. జాడీని విడిగా కడిగి చూశామంది. మళ్లీ చెయ్యమని నీళ్లక్క అడిగింది, ఈసారి తన చేత్తో. ఒకే ధార నుంచి తానే పట్టింది. కాచి ఆరబెట్టిన రెండు జాడీల్లో పోసింది. ఒకటి బీరువాలో పెట్టి తలుపు వేసింది. ఒకటి కిటికీలో పెట్టింది. వాటిని పళ్లేల్లో పోసేదాకా పక్కన నుంచి కదల్లేదు.

రెండోసారీ అంతే. బీరువాలోది పలచగా, కిటికీలోది తెట్టుగా.

ఆమె పళ్లెం ముందు కూర్చుండిపోయింది. అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. గొట్టంలో దీపం పాతబడింది. రంగు తగ్గలేదు, బలం తగ్గింది. ఆ కాంతి క్రిముల లోపలి పోగుల్ని ముడివేస్తుంది, ముడిపడితే అవి పెరగలేవు. గట్టి దెబ్బయితే చస్తాయి. చిన్న దెబ్బయితే ఊరికే పడి ఉంటాయి. పగటి వెలుతురు తగిలితే ఆ వెలుతురుతోనే ముడి విప్పుకుని లేస్తాయి. ఎండలో వాటికి పడని భాగాన్ని కిటికీ అద్దం ఆపేస్తుంది, పనికొచ్చే భాగాన్ని లోపలికి వదులుతుంది. చీకట్లో ఉంటే చాలావరకు లేవలేకపోయేవి.

"వెలుతురుతోనా?" అంది నీళ్లక్క.

"వెలుతురుతోనే."

అంతవరకు ఆమె ఎవరిదో సంగతి విన్నట్టు విన్నది. అప్పుడు అమ్మాయి ఇంకో మాట అడిగింది. మొన్న గట్టుమీద అన్ని జాడీల నీళ్లూ విడివిడిగా పరీక్షించానని, చివరిది అన్నిటికంటే దారుణంగా ఉందని, అది ఎవరికి వాడుతున్నారని.

నీళ్లక్క లేచి బయటికి వచ్చి, వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. మనుషులు పక్కనుంచి పోతున్నారు. ఎవరో పలకరించారు. ఆమెకు వినబడలేదు.

డాక్టరు ఆమెను తిట్టలేదు. దీపం మార్చాల్సిన పని ఆసుపత్రిదని అన్నాడు. ఆ పుండు ఆ నీళ్లవల్లే పాకిందని చెప్పలేనని, కాదని కూడా చెప్పలేనని అన్నాడు. మళ్లీ పొయ్యి తెప్పించారు. మందులు మార్చారు. వార్డులో పచ్చటి మరకలు తగ్గుతూ వచ్చాయి. తమ్ముడి కాలు మాత్రం చీలమండ దాకా ఎర్రబడింది. మడమ మిగిల్చి పాదం ముందు భాగం తీసేయాలన్నారు.

ఆపరేషనుకు ముందు ఆమె వాడి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పింది. వాడు మొదట నవ్వాడు.

"అక్కా, నన్ను నవ్వించడానికి ఇంకేం దొరకలేదా? వెలుతురు తిని పురుగులు బతకడమేంటి?"

ఆమె ముఖం చూసి ఆగాడు.

"అందరివీ అక్కడే పెట్టావా?"

"అందరివీ. నీది చివర పెట్టాను. అక్కడ వెలుతురు ఎక్కువసేపు ఉంటుందని."

వాడు కాలు వైపు చూశాడు.

"డాక్టరుకి తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పావు? తెలియకపోతే చక్కెరనే తిట్టుకుంటూ ఉండేవాణ్ణి కదా."

వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి సర్దబోతే, ఉండనీ అన్నాడు.

ఆపరేషను తర్వాత వాడు కట్టు విప్పడానికి నర్సునే రమ్మనేవాడు. నీళ్లక్క నీళ్లు కాచి, చల్లార్చి, గుమ్మం దాకా తెచ్చి నర్సు చేతికిచ్చి వెనక్కి వెళ్లేది. వాడు ఆమెతో మాట్లాడేవాడు, డిపోలో మాటలు, డ్రైవర్లలో ఎవరు వచ్చి చూశారు, ఎవరు రాలేదు. తనకు టికెట్ల కిటికీ దగ్గర పని ఇస్తారని చెప్పాడు. కాలి సంగతి ఎత్తేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం నర్సు కట్టు విప్పుతుంటే పక్క మంచంలో ఎవరికో ఆయాసం వచ్చి, సగంలో వదిలేసి పరుగెత్తింది. కట్టు సగం విడి వేలాడుతోంది. నీళ్లక్క గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడింది. లోపలికి రాలేదు.

వాడు కాసేపు నర్సు కోసం చూశాడు. తర్వాత కాలిని మంచం అంచుదాకా జరిపాడు.

"ఎంతసేపని నిలబడతావు? రా" అన్నాడు.

ఆమె వచ్చి మిగిలిన కట్టు విప్పింది. వేళ్లు ఉండాల్సిన చోటును మొదటిసారి చూసింది. గిన్నె వంచబోతే నీళ్లు మంచం మీద ఒలికాయి. వాడు మడమ కింద తన రెండు చేతులూ పెట్టి, కాలిని ఆమె కోసం ఎత్తి పట్టుకున్నాడు.