పెద్ద గుడికి పోయిన నువ్వుల నూనె

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా నాయన విషయంలో ఆ సామెత అక్షరాలా నిజం. ఊరి సంగతి చెప్పినవాళ్లు ఇంటి సంగతి మాత్రం చెప్పకుండా వదిలేశారు.

ఆయన ఉపదేశి. గిద్దలూరుకూ కొమరోలుకూ నడుమ ఉన్న మా పల్లెలన్నిటికీ కలిపి కతోలిక గురువు ఒక్కడే. ఆయన తెల్లాయన. ఎద్దులబండి మీద ఒక్కో పల్లె తిరిగి మా వంతు వచ్చేసరికి నెల దాటిపోయేది. ఆ లోపల మా దేవుని పనులన్నీ నాయన మీదే నడిచేవి. పొద్దున్నా సాయంత్రమూ జపం చెప్పించడం, పిల్లలకు జ్ఞానోపదేశం బట్టీ పట్టించడం, గట్టు తగాదాల్లో అన్నదమ్ముల్ని కూర్చోబెట్టి మాట్లాడడం, చావు జరిగిన ఇంట్లో ఏడ్చేవాళ్ల పక్కన చేరి నాలుగు మంచిమాటలు చెప్పడం. ఈ చివరి పనిలో ఆయనకు సాటి వచ్చేవాడు ఆ చుట్టుపక్కల లేడు. "ఉపదేశి వచ్చినాడంటే సగం దుఃఖం పోయినట్టే" అనేవాళ్లు. పోయిన దుఃఖం ఎక్కడికి పోయి కూర్చుంటుందో ఎవరూ అడగలేదు.

మద్రాసు రాజధాని కాలమది. మా కలెక్టరు కర్నూలులో, బిషప్పు నెల్లూరులో, గవర్నరు లాటుదొర మద్రాసులో ఉండేవాళ్లు. మా మీద పెత్తనానికి ఇందరు పెద్దమనుషులున్నా మా చేలకు వాన మాత్రం వచ్చేది కాదు. కర్నూలు, మద్రాసు మా పల్లెలో ఎవరూ చూసి ఎరగరు. నెల్లూరును మాత్రం ఏడాదికొకసారి నాయన చూసి వచ్చేవాడు. అదెందుకంటే నూనె కోసం.

మా మతంలో బిడ్డకు జ్ఞానస్నానం చేయించినా, మనిషి చావు పడకలో ఉన్నా గురువు పవిత్ర తైలం పూస్తాడు. ఆ తైలాన్ని ఏ గురువుకు ఆ గురువు మంత్రించుకోవడానికి లేదు. పాస్కా పండుగకు, అంటే ఈస్టరుకు, ముందు వచ్చే పెద్ద బేస్తవారం నాడు, బిషప్పుగారు తన పీఠం ఉన్న పెద్ద గుడిలో, గురువులందరి నడుమ మంత్రిస్తారు. ఆ ఏలుబడిలో ఉన్న ప్రతి విచారణకూ, అంటే ఒక్కో గురువు కింది పల్లెలన్నిటికీ, ఏడాదికి సరిపడా నూనె అక్కడి నుంచే రావాలి. పండుగ వారంలో పల్లెలు విడిచి పోవడానికి మా గురువుకు వీలుండదు. అందుకని ఆయన చీటీ పట్టుకుని నాయన గిద్దలూరులో చిన్న రైలుబండి ఎక్కి గుంటూరు పోయి, అక్కడి నుంచి పెద్దబండ్లు మారి నెల్లూరు చేరేవాడు. మూతలకు మైనం వేసిన చిన్న వెండి సీసాలను కొత్త తుండుగుడ్డలో చుట్టి, గుండెకు ఆనించుకుని తిరిగి వచ్చేవాడు. రైల్లో పక్కవాళ్లు అదేందని అడిగితే, "మందు" అనేవాడట. అబద్ధం ఆడితే అతికినట్లుండాలి, ఆ విద్య ఆయనకు బాగా వచ్చు.

పెళ్లయిన మొదటి ఏడు మా అమ్మ ఆ ప్రయాణం ముందు పొద్దున, ఒక ఇత్తడి చెంబుకు గుడ్డ వాసెన కట్టి ఆయన చేతికిచ్చింది.

"దేవుని గుడికి వట్టి చేతుల్తో పోతారా ఎవరన్నా? నువ్వుల నూనె. దేనికో దానికి వాడుకుంటారులే."

ఆ నూనె వెనక చాలా కథ ఉంది. ఎరువు కోసం రాత్రిళ్లు మేకల్ని మలేసిన మడిచెక్కలో అమ్మే నువ్వులు చల్లేది. కోసి, దులిపి, కడిగి, ఎండబెట్టి, కొమరోలు గానుగకు నెత్తిన పెట్టుకుని పోయేది. గానుగాయన మా వాళ్లను గడప దాటనిచ్చేవాడు కాదు. నువ్వులు వాకిట్లో పోసి, ఎడంగా నిలబడి చూడాలి. అమ్మ అట్లా ఎండలో నిలబడి, తన నువ్వుల్లో ఇంకొకరి నువ్వులు కలవకుండా, గానుగెద్దు తిరిగినంతసేపూ కన్ను వాల్చకుండా చూసేదట. ఊళ్లో మా చేతి నీళ్లు తాగేవాళ్లు లేరు. ఆ నూనె మాత్రం బిషప్పుగారి ఊరికి పోయింది.

ఆ ఏడు వానాకాలం దాటాక మా అన్న పుట్టాడు. పుట్టడమే నీరసంగా పుట్టాడు. ఒళ్లు కాలిపోతుంటే, జ్వరం దిగేదాకా బిడ్డకు చమురు పెట్టొద్దని మంత్రసాని చెప్పింది. బండి తిరుగుతూ గురువు మా పల్లెలో ఉన్నాడు గనక జ్ఞానస్నానం అయింది. వారం తిరక్కముందే బిడ్డ పోయాడు.

అమ్మ ఏడుపంతా ఒక్క మాట చుట్టూ తిరిగిందట. "కడుపున పుట్టినోనికి మాడుకింత చమురు పెట్టుకోలేకపోయినానే. తల్లి చెయ్యే తగలకుండా పోయినాడే." పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డకూ తల్లి మాడు మీద నూనె పెట్టి అదుముతుంది, తల కుదురుగా రావాలని. అమ్మకు ఆ పాటి కూడా దక్కలేదు. తిండి మానేసింది. చావు ఇళ్లన్నిటికీ పోయి ఓదార్చే మనిషి, తన ఇంట్లో గడప మీద కూర్చుని ఏం చేయాలో తెలియక చూశాడు. చివరికి నోరు తెరిచాడు.

"ఎందుకు పెట్టలేదే? గురువు వాని మాడు మీద పూసింది ఎవరి నూనె అనుకున్నావు? నువ్విచ్చిన చెంబే గదా బిషప్పుగారు మంత్రించి పంపింది. నీ చేతి నూనె పెట్టుకునే పోయినాడు వాడు."

అమ్మ ఏడుపు ఆపింది. లేచి ముఖం కడుక్కుంది. నాయన జీవితంలో చెప్పిన ఓదార్పు మాటల్లో అంతగా పనిచేసింది ఇంకొకటి లేదు.

నేను పుట్టేసరికి ఆ మాట మా ఇంట్లో వేదవాక్కు. ఏటా నువ్వులు చల్లడం, గానుగ దగ్గర నిలబడడం, పెద్ద బేస్తవారానికి ముందు చెంబు కట్టివ్వడం తప్పేది కాదు. ఏ పల్లెలో బిడ్డకు జ్ఞానస్నానమైనా అమ్మ పోయి ముందు వరుసలో కూర్చునేది. గురువు బొటనవేలు బిడ్డ మాడు మీద ఆనగానే ఆమె కుడిచెయ్యి ఒళ్లో తనంతట తానే కదిలేది. ఆ ముఖంలోని తృప్తి నాకు నచ్చేది కాదు, నిజం చెప్పాలంటే. ఊళ్లో పిల్లలందరికీ తానే తల్లయినట్టు ఆ కూర్చోవడం చూస్తే ఒళ్లు మండేది. ఎవరి బిడ్డ కోసం ఆ చెయ్యి కదిలేదో తెలిసేంత వయసు నాకు లేదు.

పెద్ద గుడి చూడాలని ఆమెకు ఒకటే కోరిక. బిషప్పుగారు ఆ నూనెను మంత్రించేటప్పుడు కళ్లారా చూడాలి. అడిగినప్పుడల్లా నాయన దగ్గర ఒకటే జవాబు, "మేకలెవరు కాస్తారే?" అని. నాకు పదేళ్లప్పుడు మా మేనత్త మొగుడితో పోట్లాడి వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మ నాయన ముందు నిలబడి, "మేకలకు మీ అక్క ఉంది. ఇంకేం అడ్డం?" అంది. నాయనకు అడ్డం దొరకలేదు. ముగ్గురం బయల్దేరాం.

గుంటూరు దాకా నాయన కుదురుగా కూర్చోలేదు. నోరు తెరిచి ఏదో చెప్పబోయేవాడు, కిటికీలోంచి ఏ కొండనో చూపించి దాని పేరు చెప్పేవాడు. అమ్మ చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాన్ని మొదటిసారి తానే తీసుకుపోతున్నందుకు ఆమె ముఖం పెళ్లికూతురి ముఖంలా ఉంది. నాయనకు కడుపునొప్పేమో అనుకున్నాను నేను.

పెద్ద గుడి లోపల నాకు గుర్తున్నది చల్లదనం. అంతెత్తు కప్పు కింద, బయటి ఎండ సంగతే తెలియలేదు. స్తంభం పక్కన ఆడవాళ్ల వైపు కూర్చున్నాం. అంతకుముందే నాయన పక్క తలుపులోంచి చెంబు లోపలికి తీసుకుపోయి వచ్చాడు. పూజ నడుమ గురువులు పెద్ద కూజాలు మోసుకొచ్చారు. ఎత్తు టోపీ పెట్టుకున్న బిషప్పుగారు వంగి ఆ నూనె మీద ఊపిరి ఊదారు. అమ్మ మెడ చాచి తన ఇత్తడి చెంబు కోసం వెతికింది. "కూజాలో పోసింటారులే" అని నా చెవిలో చెప్పింది.

పూజ అయ్యాక జనం కదిలారు. పక్క పీఠం ముందు గొలుసుకు వేలాడే ఎర్రగాజు దీపం ఉంది. గుడి పనులు చూసే ముసలాయన వచ్చి, గొలుసు వదిలి దీపాన్ని కిందికి దించాడు. ఆయన చేతిలో మా చెంబు ఉంది. వాసెన విప్పి దీపంలోకి నూనె వంచుతూ నాయన్ని చూసి నవ్వాడు.

"రావయ్యా ఉపదేశీ. ఏటేటా నీ నూనెకు ఎదురుచూస్తానబ్బా. రవ్వంత పొగ రాదు."

అమ్మ రెండడుగులు ముందుకు వేసింది. "దీపానికా అది? మరి బిడ్డలకు పూసేది?"

"అది తెల్లోళ్ల సీమ నుంచి పీపాల్లో వచ్చుద్దమ్మా. ఒలీవ నూనె. వేరేది పనికిరాదు" అని, గొలుసు లాగి దీపాన్ని పైకి పంపి, ఖాళీ చెంబు అమ్మ చేతిలో పెట్టి ఆయన తన పనికి తాను పోయాడు.

అమ్మ నాయన వైపు చూడలేదు. పైకి పోయిన దీపాన్ని చూసింది, తర్వాత చేతిలో చెంబును చూసింది. తల మీద కొంగు ముందుకు లాక్కుని బయటికి నడిచింది.

తిరుగు ప్రయాణంలో నాయన ఒళ్లో వెండి సీసాలు, అమ్మ ఒళ్లో ఖాళీ చెంబు. గుంటూరులో చిన్నబండి ఎక్కాం, వినుకొండ దాటింది, మార్కాపురం దాటింది. ఊరు దగ్గరపడుతుంటే నాయన ఉండబట్టలేకపోయాడు.

"నీ ఏడుపు చూడలేక ఆ పొద్దు అట్ల అన్న. తర్వాత చెప్పేదానికి నోరు రాలేదు. దీపమైనా దేవుని ముందరే గదా వెలిగింది. ఎవరికుంది ఆ భాగ్యం?"

"దీపానికి ఎవరైనా పోస్తారు. దేవునికి నూనె కొదవా? నేను పంపింది బిడ్డకు" అంది అమ్మ. గొంతు పెంచకుండానే మళ్లీ అంది, "ఏడవనియ్యకపోతివి గదయ్యా. అప్పుడే ఏడ్చుంటే ఎప్పుడో అయిపోయుండేది. ఇప్పుడు మళ్లా మొదట్నుంచి ఏడవాల. వాని మొగం గూడా నాకిప్పుడు గ్యాపకం లేదు."

ఊళ్లన్నిటికీ సరిపోయిన నోరు అక్కడ మూతపడింది.

ఆ తర్వాతి ఏడు అమ్మ నువ్వులు చల్లింది, గానుగకు పోయింది, చెంబుకు వాసెన కట్టింది. నాయన ప్రయాణానికి తయారై వాకిట్లో నిలబడితే ఆయన ముందు నుంచే చెంబు తీసుకుని సమాధుల దొడ్డికి నడిచింది. నేను వెంట పోయాను. అన్న తల దగ్గర గుర్తుకు మార్కాపురం పలకరాయి ఒకటి పాతి ఉంది, జానెడు కూడా పైకి లేదు. అమ్మ దాని పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని, అరచేతిలో నూనె పోసుకుని రాయి నెత్తిన పెట్టి అదిమింది, పసిబిడ్డ మాడుకు అదిమినట్టే. అదుముతూ ఏడ్చింది. దొడ్డి చుట్టూ వేసిన కంప అవతల నాయన నిలబడి ఉన్నాడు. చాలాసేపటికి, వట్టి చేతులతో గిద్దలూరు దారి పట్టాడు.

వాళ్లు విడిపోలేదు, పోట్లాడుకోలేదు. అమ్మ ఆయనకు వేళకు సంగటి పెట్టేది, జ్వరమొస్తే కాళ్లు పట్టేది. ఆ నూనె సంగతి మాత్రం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. మారింది నాయన పని తీరు. చావు ఇళ్లకు పోయేవాడు, ఏడ్చేవాళ్ల పక్కన కూర్చునేవాడు, అంతే. మోక్షం గురించి చెప్పేవాడు కాదు, ఊరుకోమనేవాడు కాదు. ఉపదేశికి మాట పోయిందని పల్లెల్లో చెప్పుకున్నారు. కొందరు గురువుకు ఫిర్యాదు కూడా చేశారు. అమ్మ చెవిన అవన్నీ పడేవి. ఆమె పొయ్యి ఊదుకుంటూ వినేది.

నాయన పోయినప్పుడు నేను పెళ్లయి పొదిలిలో ఉన్నాను. కబురందుకుని వచ్చేసరికి ఇంటి నిండా జనం. నాయన చోటికి కొత్తగా వచ్చిన కుర్ర ఉపదేశి అమ్మ పక్కన కూర్చుని, చేతులు తిప్పుతూ మొదలుపెట్టాడు. "ఏడవగాకమ్మా. మంచి చావు. తైలం పూసుకుని పోయినాడు. ఈపాటికి దేవుని సన్నిధిలో..."

అమ్మ చెయ్యెత్తింది.

"కూర్చో నాయనా, పోవద్దు. నోరు మాత్రం తెరవగాకు. ఆయనైతే తెరిచేవాడు కాదు. పక్కన కూర్చుని ఏడవనిచ్చేవాడు. అట్ల కూర్చునేది ఈ పల్లెల్లో ఆయనకొక్కనికే తెలుసు."

కుర్రాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. అమ్మ నాయన తల మీద చెయ్యి పెట్టి, ఎవరూ ఆపకుండా, కరువుతీరా ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ నా ఏడుపులో సగం కోపం. అన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి, ఆయన్ని మెచ్చుకున్న ఆ ఒక్క మాటను అమ్మ, ఆయన వినగలిగినప్పుడే అని ఉండాల్సింది.