తలుపు కడుపులో గాజు ముక్కలు

మొన్న పొద్దున్న మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, మావయ్య కట్టిన మొదటి కారు నా షెడ్డుకొచ్చింది, చూస్తావా?" అన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. పాలు పొంగిపోయాయి, పప్పు అడుగంటింది, కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి చేరేదాకా ఆటోలో ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ జరుగుతూనే ఉన్నాను. "ఏంటండి మామ్మగారూ, ఒంట్లో బాలేదాండి?" అని ఆటో అబ్బాయి రెండుసార్లు అడిగాడు. ఆ కారు వెనక తలుపులో నా రెండు ఆకుపచ్చ గాజుల ముక్కలు ఉన్నాయనీ, నలభై ఏళ్లుగా వాటిమీదే బెంగ పెట్టుకున్నాననీ ఆ పిల్లాడికి ఎలా చెప్పను?

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పాత కారుకు కొత్త రూపు తేవాలంటే రేకును సుత్తితో కొట్టి కొట్టి వంపు తిప్పాల్సిందే తప్ప దుకాణంలో కొనితెచ్చుకునేది కాదు. మావారు అంతవరకూ ఒక పెద్ద మేస్త్రి కింద పనిచేసి, మా పెళ్లయిన ఏడాదే ఇంటి పక్క ఖాళీ జాగాలో సొంత షెడ్డు వేశారు. మొట్టమొదటి పని పెనుగొండ వైపు బట్టల షావుకారుగారిది. తండ్రి నాటి కారుకి కొత్త తలుపులు పెట్టి, వెనక అంచులు చేప తోకలా లేపి, కొడుకు పెళ్లి ఊరేగింపులో జనం నోళ్లు వెళ్లబెట్టేలా చేయాలని ఆయన ముచ్చట. అన్న రోజుకి కారు అందకపోతే మావారు మళ్లీ ఆ మేస్త్రి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ మాట ఆయన పైకి అనలేదు గానీ, కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నాకు తెలిసిపోయేది.

మూడు తలుపులకు అద్దాలు బాగానే ఎక్కాయి, నాలుగోది, వెనక ఎడమది, మొండికేసింది. అద్దాన్ని పై సందులోంచి తలుపులోకి దింపి, దాని అడుగునున్న ఇనుప పట్టాని, లోపల అద్దాన్ని ఎత్తే కమ్మీకి తగిలించాలి, అందుకని లోపలి రేకులో చెయ్యి పట్టేంత కన్నం వదులుతారు. తలుపు దిట్టంగా ఉండాలన్న అత్యాశతో మావారు ఆ కన్నం చిన్నది వదిలి, పైన రంగు కూడా వేయించేశారు. ఇప్పుడు రేకు కోస్తే రంగు పాడవుతుంది, మళ్లీ వేసే వ్యవధి లేదు, షావుకారుగారు మర్నాడు పొద్దున్నే వస్తున్నారు. సుత్తి పట్టి కాయలు కాసిన ఆయన చెయ్యి అందులో దూరనే లేదు. గుమ్మంలో నుంచి చూస్తున్న నన్ను పిలిచి, గాజులు తీసి చెయ్యి పెట్టమన్నారు.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు దిగ్గున లేచారు. "నా కొడుకు నిక్షేపంలా ఉండగా బోసిచేతులేంటే? ఎవడి కారైతే నాకేంటి!" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పదో తరగతి పాసైనదాన్ని, ఇలాంటివి వింటే వెక్కిరించేదాన్ని, అయినా ఆ క్షణాన నా వేళ్లు గాజులు తీయడానికి రాలేదు, భయం వేసింది. చివరికి వాటిని మోచేతి వైపు తోసుకుని, చెయ్యి లోపల పెట్టేశాను.

"ఇంకొంచెం కిందకి... తగిలిందా?" అని పైనుంచి ఆయన. "తగల్లేదు, మీరు కదపకండి!" అని కింద నుంచి నేను. కమ్మీ వేలికి అందింది గానీ ఇంకో అంగుళం వెళితేనే గానీ పని కాదు. కళ్లు మూసుకుని తోశాను. టక్కుమని అద్దం కూర్చుంది, దాంతోపాటే రెండు గాజులు చిట్లి, ముక్కలు తలుపు అడుక్కి గలగలా జారిపోయాయి. గీరుకుపోయిన చోట అత్తగారు పసుపు అద్దారు. తిట్టి ఉంటే నా మనసు కుదుటపడేది.

మర్నాడు షావుకారుగారు తలుపు వేసి చూసి, "లోపల ఏంటండీ ఆ గలగల?" అన్నారు. మావారు తడుముకోకుండా, "లక్ష్మీదేవి కూర్చుందండి, దింపమంటారా?" అన్నారు. ఆయన గబుక్కున దణ్ణం పెట్టుకుని, "అమ్మమ్మా, వద్దండీ, ఉండనివ్వండి!" అంటూ కారెక్కేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

ఆ తరవాత ముప్పై ఏళ్ల పైచిలుకు మావారు ఎవరి దగ్గరా చేతులు కట్టుకోలేదు. నాకే కుదురు పోయింది. ఆయన రావడం పావుగంట ఆలస్యమైతే చాలు, రెండుసార్లు దగ్గితే చాలు, చెవిలో ఆ గలగల మొదలయ్యేది. ఆరేళ్ల కిందట షెడ్డులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. అందరూ అనాయాస మరణం అన్నారు, నాకు మాత్రం ఆ తలుపే కళ్ల ముందు నిలబడింది. అత్తగారు అప్పటికే లేరు కనక, ఆవిడ అనాల్సిన మాటలన్నీ నన్ను నేనే అనుకున్నాను. వట్టి మూఢనమ్మకమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోతుందా?

షెడ్డులో అడుగు పెడుతూనే వెనక ఎడమ తలుపు దగ్గరికి పోయి, అడుగున ఆకుపచ్చ గాజు ముక్కలేమైనా కనిపించాయా అని మేనల్లుణ్ణి అడిగాను. వాడు నవ్వాడు. "ఇంకా అడుగెక్కడిదత్తా! తుప్పు పట్టి రాలిపోతుంటే కోసి పారేసి కొత్త రేకు అతికించాం. పైదంతా మావయ్య చేతి పనే!" నలభై ఏళ్ల నా బెంగని నన్నొక్క మాట అడక్కుండా పాత ఇనుములో పడేశారని ఎంత కోపమొచ్చిందో! తేలికపడాల్సింది పోయి కోపమేమిటో నాకే తెలియలేదు. వాడు తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు, కొలతలు ఫోన్లో పంపితే అద్దం పెట్టెలో వచ్చేస్తుందట, బటన్ నొక్కితే మోటారే ఎత్తుతుందట, ఆ మోటారు పట్టడానికి ఈ చిన్న కన్నాన్ని ఆ మధ్యాహ్నమే కోసేస్తారట.

"ఉండరా" అని ఆ కన్నంలో చెయ్యి పెట్టాను. ఆయన పోయాక నేను గాజులు వేసుకోలేదు. ముడతలు పడ్డ చెయ్యి ఎక్కడా తగలకుండా సులువుగా వెళ్లిపోయింది. లోపల పాత కమ్మీ వేలికి చల్లగా అందింది. దాన్ని పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడ్డాను, పైనుంచి "ఇంకొంచెం కిందకి" అన్నవాళ్లెవరూ లేరు.