వెలిగే అంకె

కంప్యూటర్ల సందులో అతణ్ణి మెరుపు అనేవాళ్లు. రేడియోలు బాగుచేసి బతికిన మనిషి, అవి మూలపడ్డాక కంప్యూటర్లు బిగించడంలోకి దిగాడు. కొట్టు ఓనరు “దీన్ని అరవై ఆరు మెగాహెర్ట్జ్ చెయ్యి” అంటే చాలు, కంప్యూటర్ పెట్టె ముందున్న అద్దం వెనక గోరంత పిన్నులు అటూ ఇటూ మార్చేవాడు. అద్దంలో ఎర్రగా 66 వెలిగేది. యంత్రానికి ఆ వేగం తన చేతిమీదుగానే వస్తోందని గట్టిగా నమ్మాడు. కాదని చెప్పినవాడెవడు?

ఆ ధీమాతోనే భార్య చెల్లెలు పనిచేసే ప్రెస్సుకు అరవై ఆరుది ఒకటి కొనిపించాడు. అక్కడి పాతదాని మీద 33 వెలుగుతుంది. కొత్తది వచ్చిన కొన్నాళ్లకే ఆమె కొట్టుకు వచ్చి నిలదీసింది.

“బావా, రెంటికీ ఒకే పుస్తకమిచ్చి అచ్చుకు పేజీలు కట్టమన్నా. రెండూ ఒకేసారి ముగించాయి.”

“నీ టైపింగే నత్తనడకై ఉంటుంది!”

“అబ్బో! నేను చేతులు కట్టుకుని కూర్చున్నా. నువ్వూ నేనూ కలిసి టోపీ పెట్టామంటున్నాడు మా సారు. ఇవాళ తేల్చకపోతే నా ఉద్యోగం ఊడినట్టే.”

“పద, నీ సారు కళ్లముందే తేలుస్తా.”

ప్రెస్సులో పెట్టె విప్పాడు. అద్దం వెనక తీగలు యంత్రానికి మెదడైన ప్రాసెసర్ దాకా వెళ్తాయని చూపించబోయాడు. అవి కరెంటు డబ్బా దగ్గరే ఆగిపోయాయి. ప్రాసెసర్ ఉన్న బోర్డునే ఊడదీసి బల్లమీద పెట్టి, స్విచ్చి వేశాడు.

మెదడు లేని పెట్టెలో 66 నిబ్బరంగా వెలిగింది.

పిన్నులు మార్చాడు. 99. మళ్లీ మార్చాడు. 04. ప్రాసెసర్ మీద అతికే వచ్చిన ఫ్యానును మొదటిసారి ఊడదీసి చూశాడు. ప్రాసెసర్ వీపు మీద 33 అని అచ్చు.

“ఇదేంటయ్యా!” అన్నాడు ప్రెస్సు సారు.

“అమ్మాయికేం తెలీదండీ. బిగించింది నేను. నమ్మిందీ నేనే.”

“అయితే మీ కొట్టుకే పోదాం, నడువు.”

బోర్డు చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. వెనక మరదలు, సారు. కొట్టులో ఎవరో దంపతులు కొత్త పెట్టె ముందు తటపటాయిస్తున్నారు.

“నిజంగా అరవై ఆరేనా?” అంటోంది ఆవిడ.

“అదుగో, బిగించినాయనే వచ్చాడు. అడగండి” అన్నాడు ఓనరు నవ్వుతూ.

మెరుపు చంకలోని బోర్డు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“కాదమ్మా” అన్నాడు.