మా మరిది కనిపెట్టిన ఎర్రబూజు

మా మరిది నరసింహులు యూనివర్సిటీలో ప్రొఫెసరు. ఈ సంగతి ప్రొద్దుటూరులో తెలియనివాళ్లు లేరు. తెలియనివాళ్లకు అతనే పిలిచి చెప్తాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అతని గురించి రాయడానికి ఆ చదువు ఎక్కువే.

మాది బంగారు అంగడి. మా మామగారు పోయేనాటికి నరసింహులు ఇంకా నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. అంగట్లో కూర్చోబెడితే గల్లాపెట్టె మీద తల పెట్టి నిద్రపోయేవాడు. పోనీ చదువుకోనీ అని జమ్మలమడుగు కాలేజీలో చేర్పించాం. అతనికి చదువంటే ఇష్టమని కాదు. చదువుకునేవాడికి ఇంట్లో ఎవరూ పని చెప్పరు, అదీ ఇష్టం. ఆ ఇష్టంతోనే మొక్కల శాస్త్రంలో డాక్టరైపోయాడు.

అతని పరిశోధనంతా శనగపైరుకు వచ్చే ఎండు తెగులు మీద. పెద్దముడియం వైపు, సింహాద్రిపురం వైపు ఆ తెగులు పేరు చెబితే రైతుల ముఖాలు మాడిపోతాయి. దాని మీద మా మరిది అచ్చు వేయించిన వ్యాసాలు ఒక బీరువాకు సరిపోతాయి. శనగచేలో మాత్రం ఒక్కనాడు కాలు పెట్టలేదు. మొక్కలు తెచ్చేది అతని దగ్గర చదివే పిల్లలు, రాసేది ఆ పిల్లలు, పైన పేరు అతనిది.

పులివెందులలో ఒక సభకు నన్నూ తీసుకుపోయాడు, తన ఉపన్యాసం వినడానికి. “గురువు పరిశోధన చేస్తేనే శిష్యుడికి జీవమున్న చదువు అందుతుంది” అని చెయ్యెత్తి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. మాట మంచిదే, అది వచ్చిన నోరే దానికి తగదు. ఉద్యోగంలో చేరిన ఏడు రాసుకున్న కాగితాలనే ఇప్పటికీ క్లాసులో చదివి రాయిస్తాడు. ఆయన దగ్గు కూడా ఏటా ఒకే పేజీలో వస్తుందని పిల్లలు నవ్వుకుంటారట.

అతని గదిలో పెద్ద మైక్రోస్కోపు ఒకటుంది. పిల్లల చదువుకని ప్రభుత్వం ఇచ్చింది. దానికి మఖమల్ ముసుగు కుట్టించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని తిరుగుతాడు. మా అంగట్లో ఆయుధపూజ నాడు తక్కెడకు గంధం, కుంకుమ పెట్టి, దండ వేసి, ఆ పూటకు తూకం ఆపుతాం. మర్నాడు శుభ్రంగా తుడిచి మళ్లీ తూస్తాం. నరసింహులు ఈ ఆచారాన్ని యూనివర్సిటీకి మోసుకుపోయాడు. తుడవడం, తూయడం మాత్రం ఇంట్లోనే వదిలేశాడు.

నా కొడుకు కూతురు చందన అక్కడే ఎమ్మెస్సీ చదివింది. ఖర్మకొద్దీ ప్రాజెక్టుకు ఈ చిన్నతాతే గైడు. ఆ ప్రాజెక్టు బాగుంటేనే పరిశోధనలో సీటు. ఆ సీటు తప్ప ఆ పిల్ల జీవితంలో ఏదీ గట్టిగా అడగలేదు. శనగ మొలిచి తల వాల్చడం మొదలుపెట్టగానే పెద్దముడియం పోయి, ఎండిన మొక్కలను వేర్లతో సహా పీకి, షేరాటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఆ సాయంత్రం నరసింహులు మా ఇంటికి వస్తే అడిగింది.

“చిన్నతాతా, ఆ మైక్రోస్కోపు ఒక్కపూట ఇయ్యండి. మొక్కలు కుళ్లిపోతాండాయి.”

“ఏంది, అడిగినోళ్లకల్లా ఇయ్యనీకి అదేమన్నా రోలా? పాడైతే ఎవురు జవాబు చెప్తారు?”

“మరి నేనేం రాయల్ల?”

“పోయినేడు పిల్లోళ్లు రాసింది ఉండాది గదా. ఊర్ల పేర్లు మార్చి రాయి.”

నాకు ఒళ్లు మండింది. “ఏమప్పా నర్సిమ్మా, ఆ మిషను తెచ్చిన కాన్నుంచి కొత్త పెండ్లికూతురి మాదిరి ముసుగేసుకోనే కూచునిందే! దాని మొగం నువ్వైనా చూసినావా?”

“నీకు తెల్దులే వదినా.”

“నాకు తెల్దు. తెలిసినోడివి నువ్వు తీసి చూపియ్యి.”

ఆ మాట తగిలినట్టుంది. మర్నాడు క్లాసు పిల్లలందరినీ నిలబెట్టి, ముసుగు తీసి, చందన తెచ్చిన కాడను పలచగా కోయించి, తానే ముందు కన్ను పెట్టాడట. పెట్టి ఎగిరి గంతేశాడట. “ఎర్రబూజు! ఇంతవరకూ ఎవురూ చూడలేదు!” ఎవరూ చూడనిమాట నిజమే, ఆ గాజులో ఎవరినీ చూడనిస్తే కదా. పిల్లలందరి చేతా ఎర్రబూజు అని రాయించాడు. ఆ వారంలోనే ఏదో మీటింగులో కొత్త బూజు కనిపెట్టానని చెప్పి దండ కూడా వేయించుకున్నాడు.

చందనకు అనుమానం వచ్చింది. అదే ముక్కను పక్క బ్లాకులో సిరాజుద్దీన్ సార్ దగ్గరికి తీసుకుపోయింది. ఈయన చిన్న లెక్చరర్. పిల్లలతో చేలగట్ల మీద తిరుగుతాడు. తెలియనిదాన్ని తెల్దు, చూద్దాం రాండి అంటాడు. ఆయన పాత మైక్రోస్కోపులో బూజు రంగు లేకుండా, నెలవంక ముక్కల్లా కనిపించింది. ఎర్రబూజు అబద్ధం అని ఆయన అనలేదు.

“పెద్ద సార్ మిషన్లో మొక్క ఏమీ పెట్టకుండా ఒగసారి చూడమ్మా. రంగు యాడుండాదో తెలుస్తాది.”

ఎర్రబూజును వచ్చినోళ్లకల్లా చూపించుకోవడానికి చిన్నతాత ఆ వారం ముసుగు తీసే ఉంచాడు గనక, పోయి చూసింది. మొక్క లేకపోయినా ఎరుపే. వంగి కిందికి చూస్తే, మిషను అడుగున వెలిగే దీపం గాజు మీద దసరానాటి కుంకుమ బొట్టు, గంధంతో సహా ఎండి అతుక్కుని ఉంది. చిన్నతాతకు మెల్లగా, మర్యాదగానే చెప్పిందట.

“నాకే తప్పులు పట్టేదానివైనావా? ఎర్రబూజని రాస్తేనే సంతకం. లేకుంటే యాడికన్నా పో!”

ఇంటికొచ్చి నా పక్కన కూలబడింది. “అవ్వా, రాస్తే సీటొస్తాది. రాయకుంటే ఈ పనంతా పాయె.”

“నువ్వేం చూసినావే?”

“రంగు ల్యాకుండా ఉన్నింది.”

“మరి నన్నడిగేదేంది?”

మర్నాడు గైడును మార్చమని పెద్దాఫీసులో అర్జీ ఇచ్చింది. సిరాజుద్దీన్ సార్ దగ్గర చేరింది. ఆయన ముందే చెప్పాడు, “మొదట్నుంచి మళ్లా చేయల్లమ్మా. శానా కష్టం, ఆలోచించుకో.” ఆ చలికాలమంతా ఆ పిల్ల చేలలోనే ఉంది. ఒకసారి పెంచిన బూజంతా చెడిపోయింది. సార్ తిట్టలేదట. ఎందుకు చెడిందో కనుక్కోమన్నాడట. తనే వెతుకులాటలో ఉన్న మనిషి దగ్గర వెతకడం నేర్చుకుంటారు పిల్లలు. మా మరిది దగ్గర నేర్చుకునేది ముసుగు మడత పెట్టడం. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి గుచ్చిగుచ్చి అడిగితే, చందన ఇంతవరకు తెలుసు, ఇక్కడినుంచి తెలియదు అని చెప్పిందట. సీటు వచ్చింది.

మళ్లీ శనగ మొలిచింది. చందన ఇప్పుడు తన కింది క్లాసు పిల్లలను వెంటేసుకుని సార్‌తో సింహాద్రిపురం చేలకు పోతోంది. ఆమె పని అచ్చుకు పోయిందని తెలిసి మొన్న నరసింహులు వచ్చాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకున్నాడు.

“వదినా, మొదలుపెట్టించింది నేనే గదా. నా పేరు గూడా ఏయమని ఆ పిల్లకు చెప్పు.”

“నేనెందుకు చెప్పల్ల? చేలో ఉండాది, పోయి అడుక్కో.”

“రాత్రి వానొచ్చింది గదా? నల్లరేగడి కాళ్లకు అంటుకుంటాది వదినా.”

ఇంకో లోటా కాఫీ ఉందా అని అడిగాడు. లేదన్నాను.